ట్రాక్టరు బేరము: డీలరు పట్టీలోని పద్దులు

సంతలో ఎద్దుల జతను కొనబోవు రైతుకు ఎవరును బేరము నేర్పనక్కరలేదు. పండ్లు పట్టి చూచును, సుడులు చూచును, బండికి కట్టి నాలుగడుగులు నడిపించును. ధర నచ్చనిచో తువాలు దులిపి భుజముపై వేసికొని లేచిపోవును, ప్రొద్దు వాలిన తరువాత మరల వచ్చును. తువాలు క్రింద వేళ్ళు పట్టి దళారి చెప్పిన ధరలో అమ్మినవానికెంత, దళారికెంత అన్నది కూడ ఆయనకు తెలియును.

అదే రైతు ట్రాక్టరు కొనుటకు పట్టణములోని షోరూములో కాలుపెట్టగానే మెత్తబడిపోవును. ఫ్యాను క్రింద కుర్చీ వేయుదురు, చల్లని పానీయము తెప్పించెదరు, రంగు కాగితములు చేతిలో పెట్టెదరు. చివరకు ఒక మొత్తము చెప్పెదరు. అందులో ట్రాక్టరు ధర ఎంత, ప్రభుత్వమునకు పోవునది ఎంత, డీలరు వద్దనే నిలిచిపోవునది ఎంత అని అడుగువారు అరుదు. ట్రాక్టరు ధరలో ఐదువేలు తగ్గించినారని సంతోషపడి, పై ఖర్చుల రూపమున పాతికవేలు ఇచ్చి వచ్చినవారిని మన గ్రామములలో ఎందరినో చూడవచ్చును. ఆ పై ఖర్చులను గురించియే ఈ వ్యాసము.

మా చిన్నాయన 2018లో ట్రాక్టరు కొన్నాడు. డీలరు పేరు ఇక్కడ అనవసరము. బేరము కుదిరిన నాడు ఒక చిన్న చీటీపై పెన్సిలుతో మొత్తము వ్రాసి ఇచ్చినారు, బయానా పుచ్చుకొన్నారు. పదిహేను దినముల తరువాత ఇంటిల్లిపాదియు షోరూమునకు పోయినాము. ట్రాక్టరుకు పసుపు కుంకుమ పెట్టినారు, దండ వేసినారు, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టినారు. అప్పుడు లెక్కల గదిలోనుండి ఒక కుర్రవాడు వచ్చి, "అన్నా, హ్యాండ్లింగు, సామాన్లు, ఆఫీసు ఖర్చులు కలిపి ఇంకొక ఇరువదిమూడు వేలు కట్టవలసియున్నది" అన్నాడు. చిన్నాయన చీటీ తీసి చూపినాడు. "అది బండి ధర మాత్రమే అన్నా" అని జవాబు వచ్చినది. ముహూర్తము దాటిపోవుచున్నది, పిన్ని కొబ్బరికాయ పట్టుకొని నిలుచున్నది. ఆయన మారుమాట లేక డబ్బు కట్టినాడు. ఆ ఇరువదిమూడు వేలకు ఒక తెల్లకాగితము తప్ప మరి రసీదు లేదు.

చిన్నాయన బేరమాడలేనివాడు కాడు. వేరుసెనగ కాయలు అమ్మునపుడు వర్తకునితో క్వింటాలుకు పది రూపాయల కొరకు గంటసేపు వాదించును. ఆయన చేసిన పొరపాటు ఒక్కటే: పద్దులు వ్రాయించుకొనకుండ బయానా ఇచ్చినాడు. బయానా ఇచ్చువరకు డీలరుకు మీరు కావలెను. ఇచ్చిన తరువాత మీకు ఆ ట్రాక్టరు కావలెను. పండుగ దినమున, దండ వేసిన తరువాత, బేరమునకు ఇక తావు లేదు.

పట్టీలోని మూడు వాటాలు

కావున బయానా ఇవ్వకముందే, "మొత్తము చెప్పవద్దు, పద్దు పద్దుగా వ్రాసి, ముద్ర వేసి ఇవ్వండి" అని అడుగవలెను. ఇవ్వనన్న డీలరు వద్ద కొననవసరము లేదు. ఉదాహరణకు ఇట్టి పట్టీ చేతికి వచ్చినదనుకొందము. ఇవి లెక్క నేర్చుకొనుటకు వేసికొన్న అంకెలు మాత్రమే, మీ ఊరి ధరలు వేరుగా ఉండును.

ట్రాక్టరు ధర, జి.ఎస్.టి.తో: రు. 7,50,000
ఇన్సూరెన్సు: రు. 24,000
రిజిస్ట్రేషను: రు. 14,000
హ్యాండ్లింగు: రు. 6,500
అదనపు సామగ్రి: రు. 18,000
ఫైనాన్సు ఫైలు ఖర్చు: రు. 7,000
మొత్తము: రు. 8,19,500

ఇందులో ప్రతి పద్దునకు ఎదురుగా ఒక ప్రశ్న వేయవలెను: ఈ డబ్బు ఎవరికి చేరును, ఎవరి రసీదు నాకు వచ్చును? ఈ ప్రశ్నతో పట్టీ మూడు వాటాలుగా విడిపోవును. కొంత ప్రభుత్వమునకు పోవును. దానిపై బేరము లేదు, కాని ప్రభుత్వ రసీదులోని అంకెయు పట్టీలోని అంకెయు ఒకటిగా ఉండవలెను. కొంత ఇన్సూరెన్సు కంపెనీకి, బ్యాంకుకు పోవును. అక్కడ ఎవరిని ఎన్నుకొనవలెనన్నది మీ ఇష్టము. మిగిలినది డీలరు వద్దనే నిలుచును. బేరమంతయు దానిమీదనే.

మొదట ధరను చూతము. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి వ్యవసాయ ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. రోటవేటర్లు, నాగళ్ళు మొదలగు దుక్కి పనిముట్లపై కూడ అట్లే తగ్గినది. పన్ను లేని ధర ఏడు లక్షలైన ట్రాక్టరుపై పన్ను పూర్వము రు. 84,000, ఇప్పుడు రు. 35,000. ఆ నలుబదితొమ్మిది వేలు రైతుకు చేరవలసినవే. కావున పట్టీలో పన్నులేని ధరను, పన్నును విడివిడిగా వ్రాయించుకొని, గుణించి చూచుకొనవలెను. ఇన్‌వాయిస్‌పై డీలరు జి.ఎస్.టి. సంఖ్య పదిహేను అక్షరములు, అంకెలుగా ఉండును. మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. సంఖ్య లేని కాగితము ఇన్‌వాయిస్ కాదు.

రెండు షోరూములలో ధరలు పోల్చునపుడు అదే మోడలు, అవే టైర్లు, అదే స్టీరింగు అగునట్లు చూడవలెను. ఇంజను హార్సుపవరు ఒక్కటే అయినంతమాత్రమున రెండు ట్రాక్టర్లు సమానము కావు. పనిముట్లకు అందు బలము పి.టి.ఓ. వద్ద తెలియును. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలోను, మన అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలు కలవు. ట్రాక్టరు పరీక్షా నివేదికలో ఈ వివరము ఉండును. డీలరును అడిగి చూడవచ్చును.

హ్యాండ్లింగు అనగా ఏమి?

ఈ పద్దును గురించి అడిగినచో, "బండి గోడౌనునుండి తెచ్చినాము, కడిగినాము, నూనె చూచినాము, డీజిలు పోసినాము" అని చెప్పెదరు. ఆ పనులు నిజమైనవే. అయితే అమ్మదగిన స్థితిలో సరుకును నిలుపుట అమ్మువాని పని. డీలరుకు కంపెనీ మార్జిను ఇచ్చునది ఇట్టివాటి కొరకే. కిరాణా దుకాణదారుడు బస్తా దించిన కూలి వేరుగా అడిగినచో మనము ఊరకుందుమా?

ప్రభుత్వము విధించు పన్నులలో గాని, రవాణా శాఖ రుసుములలో గాని హ్యాండ్లింగు అను పేరే లేదు. మరియొక విషయము కలదు. 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టము 15వ సెక్షను ప్రకారము, సరుకు అప్పగించుటకు ముందు అమ్మకందారు దాని నిమిత్తము వసూలుచేయు చిల్లర ఖర్చులు కూడ అమ్మకపు విలువలో చేరును. అనగా వాటిని ఇన్‌వాయిస్‌లో చూపి, పన్ను కట్టవలెను. తెల్లకాగితముపై వసూలు చేయుట అమ్మినవానికే ప్రమాదము. కావున రైతు కోపగించుకొననవసరము లేదు. నెమ్మదిగా, "సరేనండి, ఇస్తాను. దీనిని ఇన్‌వాయిస్‌లో వ్రాయించండి" అన్న చాలును. చాల చోట్ల ఆ మాటతోనే పద్దు కొట్టివేయబడును.

అదనపు సామగ్రి అను పద్దును ఇంతకంటె జాగ్రత్తగా చూడవలెను. టాప్ లింకు, హుక్కు, డ్రా బారు, బంపరు, పనిముట్ల పెట్టె, పైకప్పు: వీటిలో కొన్నింటిని కంపెనీయే ట్రాక్టరుతో పాటు ఇచ్చును. ఏవి ఇచ్చునో మోడలును బట్టి మారును. కంపెనీ ముద్రించిన కాగితములో ఆ జాబితా ఉండును. దానిని ముందు పెట్టుకొని, కంపెనీ ఇచ్చినవాటికి డీలరు వెల కట్టలేదు గదా అని సరిచూచుకొనవలెను. పైకప్పును, బంపరును మన ఊరి వెల్డింగు షాపులో చేయించినచో ఎంతగునో రైతుకు తెలియును. అక్కరలేని వస్తువును తీసివేయుమనుటకు సంకోచమేల? పాటల పెట్టె, రంగురంగుల దీపములు, సీటు తొడుగులు పిల్లల ముచ్చటకు మంచివే. వాటికి ఐదేండ్లు వడ్డీ కట్టుదుమా అన్నది ఆలోచింపవలెను.

ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇతరులకు కలుగు నష్టమునకు ఇన్సూరెన్సు తప్పనిసరి. ట్రాక్టరుకు కలుగు నష్టమునకు చేయించునది వేరు భాగము. దాని ప్రీమియము కంపెనీని బట్టి మారును. డీలరు చూపిన కంపెనీ వద్దనే పాలసీ తీసికొనవలెనను నిర్బంధము లేదు. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ వాహన డీలర్ల కొరకు 2017లో చేసిన మార్గదర్శకములు కూడ కొనువాని ఎన్నికకే విలువనిచ్చినవి. డీలరునుండి ఛాసిస్, ఇంజను నంబర్లు తీసికొని, పట్టణములోని మరి రెండు కంపెనీలను అడుగుడు. వాహనమునకు కట్టిన విలువ అన్నింటిలోను సమానముగా ఉండునట్లు చూడుడు. విలువ తగ్గించి ప్రీమియము తక్కువ చూపు వాడుక కూడ కలదు. తక్కువ ప్రీమియము కాగితము చూపగానే డీలరు తన ప్రీమియమును తగ్గించుట తరచుగా జరుగును.

ట్రాలీ కూడ కొన్నచో దానికి ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను ఉన్నవో లేవో ప్రత్యేకముగా అడుగవలెను. ట్రాలీలో కూలివారిని ఎక్కించుకొని పోవుట మన పల్లెలలో అలవాటుగా ఉన్నది. వ్యవసాయ ట్రాక్టరు పాలసీ వారికి వర్తించదని, ప్రమాదము జరిగిన తరువాత తెలిసికొని భూమి అమ్ముకొన్న కుటుంబములు కలవు. బేరములో ఇది చేరకపోయినను చెప్పకుండ ఉండలేకపోతిని.

రిజిస్ట్రేషను పద్దులో రెండు కలిసియుండును: రవాణా శాఖకు కట్టు రుసుము, తిరిగినందుకు డీలరు తీసికొను కూలి. ఈ రెండింటిని విడదీసి వ్రాయుమనవలెను. రుసుము ఎంతో రవాణా కార్యాలయములో అడిగి తెలిసికొనవచ్చును, చదువుకొన్న గ్రామాధికారి ఎవరైనను సాయపడగలరు. తిరిగినవానికి కొంత కూలి ఇచ్చుట తప్పుకాదు. రుసుము ఎనిమిది వేలై, పట్టీలో పదునాలుగు వేలు ఉన్నచో మాత్రము ఆరువేల సంగతి అడిగి తీరవలెను. హై సెక్యూరిటీ నంబరు ప్లేటుకు వేరుగా అడిగిన, 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన వాహనములకు దానిని వాహనముతో పాటే సమకూర్చవలెనని నిబంధన ఉన్నదని గుర్తు చేయుడు. తాత్కాలిక రిజిస్ట్రేషనైనను లేకుండ వాహనమును అప్పగింపరాదని కేంద్ర మోటారు వాహన నియమావళి 42వ నియమము చెప్పుచున్నది. "ముందు తోలుకొని పో, కాగితములు తరువాత చూతము" అన్నచో ఒప్పుకొనవద్దు.

పై ఉదాహరణలో ఇన్సూరెన్సు పందొమ్మిది వేలకు దిగినది, రిజిస్ట్రేషను కూలితో కలిపి పదివేలకు తేలినది, హ్యాండ్లింగు పోయినది, సామగ్రిలో పైకప్పు మాత్రము ఏడువేలకు నిలిచినది అనుకొందము. తగ్గినది రు. 26,500. ట్రాక్టరు ధరలో ఒక్క రూపాయి తగ్గించుమని ఇంకను అడుగనేలేదు.

అయితే ఒక చేత తగ్గించి మరియొక చేత తీసికొను విద్య డీలరుకు తెలియును. హ్యాండ్లింగు తీసివేసి, మొన్న చెప్పిన తగ్గింపు ఈ నెల లేదనును. కావున పద్దుల వారీగా వాదించిన తరువాత, ఇద్దరు ముగ్గురు డీలర్ల పట్టీలలో చివరి మొత్తములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. నెలాఖరున, మూడు నెలల కాలము ముగియునపుడు డీలర్లకు అమ్మకపు లక్ష్యములు పూర్తిచేయు తొందర ఉండును. తొలకరికి ముందు, దసరా దీపావళి దినములలో గిరాకీ ఎక్కువ. ఒకే గ్రామములో ముగ్గురు నలుగురు కొనదలచినచో కలిసి పోవుట మేలు. పాత ట్రాక్టరును మార్పిడికి ఇచ్చువారు ఆ సంగతి మొదటనే చెప్పరాదు. క్రొత్తదాని మొత్తము తేలి, కాగితముపై పడిన తరువాత చెప్పవలెను. లేనిచో పాతదానికి ఎక్కువ కట్టినట్లు చూపి క్రొత్తదానిలో లాగుదురు, ఎక్కడ పోయినదో తెలియదు.

ఇంత చెప్పినను, కడపటి రూపాయి వరకు పిండుటయే తెలివి అని నా అభిప్రాయము కాదు. దుక్కి జోరుగా సాగునపుడు క్లచ్చు పోయినచో, మరునాడే మెకానిక్కును పంపు డీలరు ఇరువది కిలోమీటర్లలో ఉండుట ఐదువేలకంటె ఎక్కువ విలువగలది. తక్కువకు ఇచ్చినాడని వంద కిలోమీటర్ల అవతల కొని, విడిభాగము కొరకు నాలుగు దినములు ఎదురుచూచినవారు ఆ లెక్క తేల్చగలరు.

అసలు పెద్ద పద్దు పట్టీలో కనబడదు

పై ఖర్చులన్నిటికంటె పెద్దది వడ్డీలో దాగియుండును. షోరూములోనే బల్ల వేసికొని కూర్చుండు ఫైనాన్సు మనిషి, "వడ్డీ ఎనిమిది శాతమే" అనును. ఎనిమిది శాతము ఫ్లాటా, తగ్గుచున్న బాకీపైనా అని అడుగవలెను. ఆరు లక్షల అప్పు, ఐదేండ్లు, ఆరు నెలలకొక కిస్తు అనుకొందము. ఫ్లాటు పద్ధతిలో వడ్డీ రు. 2,40,000. పది కిస్తులు, ఒక్కొక్కటి రు. 84,000. సగము బాకీ తీర్చిన తరువాత కూడ మొత్తము ఆరు లక్షలపైననే వడ్డీ కట్టుచుందురు. తగ్గుచున్న బాకీపై అదే ఎనిమిది శాతమైనచో కిస్తు సుమారు రు. 74,000 మాత్రమే. తేడా మొత్తముమీద లక్ష రూపాయలు. ఫ్లాటు ఎనిమిది శాతమును తగ్గుచున్న బాకీ లెక్కకు మార్చినచో పదమూడు శాతము దాటును.

కావున ముందు మీ బ్యాంకులో, సహకార సంఘములో అడిగి, అంకె చేత పట్టుకొని షోరూమునకు పొండు. నగదా, అప్పా అన్నది ట్రాక్టరు ధర తేలువరకు చెప్పవద్దు. అప్పు ఇప్పించినందుకు డీలరుకు కమీషను వచ్చు ఏర్పాటు ఉండవచ్చును. చిల్లర ఋణములు ఇచ్చు బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు అన్ని ఖర్చులతో కలిపి ఏడాది వడ్డీ రేటును చూపు ప్రధాన వివరముల పత్రము ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుండి నియమము చేసినది. ఆ పత్రము అడుగవలెను. ఫైలు ఖర్చు, అప్పులో కలిపిన జీవిత భీమా అందులో బయటపడును. వ్రాయని కాగితములపై సంతకము, వేలిముద్ర ఎన్నడును పెట్టవద్దు.

కారు కొనదలచిన రైతులకు కూడ ఈ పద్ధతియే. వారికి రెండు విషయములు వేరు. క్రొత్త కారుకు ఇతరుల నష్టపు ఇన్సూరెన్సు 2018 సెప్టెంబరునుండి మూడేండ్లకు ఒకేసారి కట్టవలసియున్నది, కావున ఆ అంకె పెద్దదిగా కనబడును. తన కారు నష్టమునకు చేయించు భాగమును మాత్రము ఏడాదికే తీసికొనవచ్చును. పది లక్షలు మించిన కారుపై డీలరు ఆదాయపు పన్ను క్రింద ఒక శాతము వసూలు చేయును. ఇది పోయిన డబ్బు కాదు. మీ పాన్ సంఖ్యపై జమయగును. వ్యవసాయ ఆదాయమునకు ఆ పన్ను లేదు గనుక, వేరు ఆదాయము లేని రైతు రిటర్ను దాఖలుచేసి దానిని తిరిగి పొందవచ్చును. సర్టిఫికెట్టు అడిగి తీసికొనవలెను. చాలమంది రైతులు ఈ సొమ్ము వదలివేయుచున్నారు.

బండి తెచ్చుకొను నాటికి చేతిలో ఉండవలసినవి: ఇన్‌వాయిస్, 21వ నమూనాలో అమ్మకపు పత్రము, 22వ నమూనాలో రోడ్డు యోగ్యతా పత్రము, ఇన్సూరెన్సు పాలసీ, రిజిస్ట్రేషను రసీదు, వారంటీ పుస్తకము, ఉచిత సర్వీసు కూపన్లు. కట్టిన ప్రతి రూపాయికి రసీదు ఉండవలెను. బయానా కూడ అందులో జమపడవలెను. పూజకు పోవుటకు ముందు దినమే ఒకరు పోయి ఇవన్నియు సరిచూచి రావలెను. ఆ దినమున దండలు, పిల్లలు వెంట లేకుండుట మేలు.

డబ్బు కట్టిన తరువాత మోసము తెలిసినచో ముందు డీలరుకు, కంపెనీకి వ్రాతమూలముగా తెలిపి, నకలు ఉంచుకొనవలెను. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చును. అంతటితో తేలనిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, మీరు నివసించు జిల్లా కమీషనులోనే రెండేండ్ల లోపల ఫిర్యాదు చేయవచ్చును. కొన్న వెల ఐదు లక్షల వరకైన రుసుము లేదు, పది లక్షల వరకైన రు. 200. వకీలును పెట్టుట తప్పనిసరి కాదు. తన పొలము కొరకు, జీవనము కొరకు కొన్న ట్రాక్టరు అని ఫిర్యాదులో స్పష్టముగా వ్రాయవలెను, ఏలయన కేవలము వ్యాపారమునకు కొన్నవారు ఆ చట్టము క్రిందికి రారు. పద్దులు వ్రాసిన పట్టీని, తెల్లకాగితపు చీటీని పారవేయక జతచేయవలెను. మా చిన్నాయన ఆ చీటీని కోపముతో షోరూము గుమ్మములోనే చింపివేసినాడు.